మోడల్ రైల్వే సిగ్నళ్లకు ఎల్ఈడీ వైరింగ్ ఇలా చేయండి

సిగ్నళ్లకు కరెంటు పట్టాల నుంచి మాత్రం తీసుకోకండి. డీసీ కంట్రోలర్‌తో నడిపే లేఅవుట్‌లో (బొమ్మ రైలు పట్టాలు పరిచిన బోర్డు) బండి స్పీడును బట్టి పట్టాల్లో వోల్టేజీ మారుతుంది, బండిని వెనక్కి నడిపితే ప్లస్ మైనస్‌లు తారుమారవుతాయి, ఎల్ఈడీ ఏమో ఒకవైపు నుంచే కరెంటును పోనిస్తుంది. విడిగా 12 వోల్టుల డీసీ అడాప్టర్ పెట్టుకోండి, సిగ్నళ్లన్నిటికీ అదొక్కటి చాలు.

కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫారం చివర నిలబడి చూడండి, మూడు లైట్ల సిగ్నల్లో పైన ఆకుపచ్చ, మధ్యలో పసుపు, కింద ఎరుపు ఉంటాయి. ఎరుపు లోకో పైలట్ కంటికి దగ్గరగా ఉండాలని కిందే పెడతారు. రోడ్డు మీది ట్రాఫిక్ లైట్ల వరస పెట్టారంటే తెలిసినవాళ్లకు చూడగానే తేడా కొడుతుంది.

మూడు ఎల్ఈడీల పొడవు కాళ్లు, అంటే ప్లస్‌లు, ఒకచోట కలిపి ఒకే వైరు కిందికి దించండి. పొట్టి కాళ్లకు మూడు వేరే వైర్లు. సన్నటి స్తంభం గొట్టంలో మామూలు వైర్లు నాలుగు పట్టవు కాబట్టి మోటార్ వైండింగ్ షాపుకెళ్లి ఎనామిల్ పూసిన సన్న రాగితీగ అడగండి. వరంగల్ చుట్టుపక్కల బోరు మోటార్లకు పని ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఇలాంటి షాపు కోసం పెద్దగా వెతకక్కర్లేదు. ఆ తీగ ఉత్త రాగిలా కనిపించినా పైన పూత ఉంటుంది, కొసను బ్లేడుతో చుట్టూ గీకి లోపలి రాగి తళతళమన్నాకే సోల్డర్ చేయండి, లేకపోతే సీసం అంటుకోకుండా జారిపోతుంది.

ప్రతి పొట్టికాలు వైరుకూ సొంత రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న భాగం) ఉండాలి. ఎరుపు ఎల్ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 10 వోల్టులకు, 10 మిల్లీయాంపియర్లు కావాలంటే 1000 ఓంలు సరిపోతాయి. కానీ అంత వెలుగు సిగ్నల్‌లా ఉండదు, టార్చిలా కళ్లలో కొడుతుంది. నేనైతే ఎరుపుకీ పసుపుకీ 4.7 కిలో ఓంలు (రెసిస్టర్ మీద పసుపు, ఊదా, ఎరుపు గీతలు) పెడతాను, ఆకుపచ్చ మరీ ఎక్కువగా వెలుగుతుంది కాబట్టి దానికి 10 కిలో ఓంలు. గదిలో లైటు ఆర్పి ఒకసారి, వేసి ఒకసారి చూసి మీ కంటికి తగ్గట్టు మార్చుకోండి.

రెసిస్టర్ల అవతలి కొసలు రోటరీ స్విచ్ (తిప్పితే కామన్ పిన్నును ఒక్కో పిన్నుకు కలిపే స్విచ్) మూడు పిన్నులకు, స్విచ్ కామన్ పిన్ను అడాప్టర్ మైనస్‌కు, పొడవు కాళ్ల వైరు ప్లస్‌కు. స్తంభాన్ని బోర్డులో బిగించకముందే మూడు రంగులూ వెలిగించి చూడండి, బిగించాక లోపల తీగ తెగితే మొత్తం పీకాల్సిందే. వెలుగు పక్క లైటులోకి కారుతుంటే ఎల్ఈడీల వెనకా మధ్యలో నల్ల పెయింట్ రెండు కోట్లు వేయండి.