గోదావరి నీళ్లలో ప్లాస్టిక్ నలకలు లెక్కపెట్టడం ఎలా?

5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటారు. రాజమహేంద్రవరం ఘాట్లలో ఏటా పిల్లల చేత ఈ పరీక్ష చేయిస్తుంటాను. బయట చేసినవాళ్లు కూడా తమ లెక్కలు తెచ్చి చూపిస్తారు. వాటిలో చాలావరకు నది లెక్క కాదు, వాళ్లు వేసుకున్న బట్టల లెక్క. అంత కష్టమూ వృథా అయిందే అని ప్రాణం ఉసూరుమంటుంది.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. స్టీలు బకెట్, 300 మైక్రాన్ల (0.3 మిల్లీమీటర్ల) కన్నాలున్న స్టీలు జల్లెడ (పిండి జల్లెడ పనికిరాదు, కన్నాలు పెద్దవి), గాజు సీసాలు, ఫిల్టర్ పేపర్, ఉప్పు, భూతద్దం, సూది, కొవ్వొత్తి. ప్లాస్టిక్ మగ్గు మాత్రం తేకండి.

తెల్లవారుజామున, స్నానాలకు జనం దిగకముందే వెళ్లాలి. మురుగు కాలువ కలిసేచోటికి ఎగువన ఒకసారి, దిగువన ఒకసారి, రెండూ ఒకే రోజు తీయాలి. ప్రవాహానికి ఎదురుగా నిలబడి 10 లీటర్ల బకెట్‌తో పదిసార్లు ముంచి జల్లెడలో పోయండి. కొందరు లీటరు సీసా ముంచి తెచ్చి, ఏమీ కనబడలేదు కాబట్టి గోదావరి శుభ్రంగా ఉందంటారు. ఒక్క లీటరులో నలక పడటం, పడకపోవడం అదృష్టం మీద ఉంటుంది. 100 లీటర్లు జల్లిస్తేనే ఆ లెక్క నిలుస్తుంది. ముందు రోజు వాన పడిందేమో రాసుకోండి. వానకు రోడ్ల మీది చెత్తంతా కాలువల్లోంచి నదిలోకి వస్తుంది.

జల్లెడలో మిగిలినదాన్ని ఫిల్టర్ పేపర్‌లో వడగట్టిన నీళ్లతో గాజు సీసాలోకి కడిగి మూత పెట్టండి. ఇంటికొచ్చాక లీటరు నీళ్లకు 350 గ్రాముల ఉప్పు కరిగించి అందులో పోసి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. పైనీళ్లను ఫిల్టర్ పేపర్ మీద వడగట్టండి. మంచినీళ్ల సీసాల ప్లాస్టిక్, పాలియెస్టర్ ఉప్పునీళ్లకన్నా బరువు. అందుకే అడుగున దిగిన మడ్డిని కూడా చూడాలి.

అందరూ పాడుచేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ఆ సీసా మూత తీసిన క్షణం నుంచి గదిలోని దుమ్మంతా మీ నమూనాలో పడుతుంది. మొదటి ఏడాది మా పేపర్ మీద నీలం దారాలు కుప్పగా వచ్చాయి. చేపల వలల నుంచే వచ్చాయనుకున్నాం. అనుమానం వచ్చి వడగట్టిన నీళ్లతో ఇదే పనంతా మళ్లీ చేస్తే, అందులోనూ అవే నీలం దారాలు. పిల్లల చున్నీలు నీలం పాలియెస్టర్.

అప్పటి నుంచి నా దగ్గర నూలు బట్టలు కట్టుకున్నవాళ్లకే ప్రవేశం, అదీ కొట్టొచ్చినట్టు కనబడే రంగువి. ఫ్యాన్ ఆపాలి, మే నెలైనా సరే. కిటికీలు మూయాలి. బల్లను తడిగుడ్డతో తుడవాలి. ఉప్పునీళ్లను వాడేముందు వడగట్టాలి, ఎందుకంటే సముద్రపు ఉప్పులోనూ ప్లాస్టిక్ ఉంటుందని మన దేశంలో చేసిన పరీక్షల్లోనే తేలింది. పని జరుగుతున్నంతసేపూ పక్కన తడి ఫిల్టర్ పేపర్ ఒకటి తెరిచి ఉంచండి, గాలిలోంచి ఏం పడుతోందో దాని మీద తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం బ్లాంక్. నది నీళ్లకు బదులు వడగట్టిన నీళ్లు పెట్టి, అదే గదిలో, అవే చేతులతో, జల్లెడ నుంచి వడపోత దాకా అన్నీ చేయాలి. టైం లేదని బ్లాంక్ మానేసేవాళ్లు అసలు పరీక్షే మానేయడం మంచిది.

ఇప్పుడు భూతద్దంతో చూడండి. అనుమానం ఉన్న ముక్కకు ఎర్రగా కాల్చిన సూది దగ్గరగా పెడితే ప్లాస్టిక్ ముడుచుకుంటుంది, కరుగుతుంది. నూలు పోగు కరగదు. రూపాన్ని బట్టి మూలం కొంత తెలుస్తుంది. పలచటి పొరలు ఎక్కువగా క్యారీబ్యాగులవి. 120 మైక్రాన్లకన్నా పలచని సంచులను 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించినా, ఘాట్ల దగ్గర పూలు ఇంకా అలాంటివాటిలోనే వస్తున్నాయి. సన్న దారాలు చాలావరకు బట్టలు ఉతికిన నీళ్లవి.

బ్లాంక్‌లో వచ్చినన్ని తీసేసి, 100 లీటర్లకు ఎన్ని ముక్కలు, ఎన్ని దారాలో విడివిడిగా రాయండి. బ్లాంక్ అంకె కూడా పక్కనే ఉండాలి. 2027 పుష్కరాలకు ముందే ఒకసారి, అయ్యాక ఒకసారి, అవే మెట్ల మీద తీయండి.