ముందే బిల్డ్ చేసిన కంపైలర్ అన్ని లినక్స్‌లలోనూ నడవాలంటే

విశాఖపట్నం మధురవాడలో మేము ఉబుంటు 22.04 మీద బిల్డ్ చేసిన కంపైలర్ ప్యాకేజీని ఉబుంటు 20.04 ఉన్న ల్యాబు కంప్యూటర్లకు పంపితే, ఒక్కదానిలోనూ నడవలేదు, ‘జీలిబ్‌సీ 2.34 కనబడలేదు’ అన్న వాక్యమే ప్రతి తెర మీదా నిలిచింది. జీలిబ్‌సీ అంటే చాలా లినక్స్‌లలో ప్రోగ్రాములు ఆధారపడే మూల సీ లైబ్రరీ. 22.04లో దాని 2.35 వెర్షన్ ఉంటుంది, 20.04లో ఉన్నది 2.31. పాత జీలిబ్‌సీ మీద బిల్డ్ చేసినది కొత్తదాని మీద నడుస్తుంది గాని, కొత్తదాని మీద చేసినది పాతదాని మీద నడుస్తుందన్న హామీ లేదు. పైగా 2.34లో ప్రోగ్రామును మొదలుపెట్టే ఫంక్షనుకే కొత్త వెర్షన్ ముద్ర పడింది కనుక, ఆ తరువాతి జీలిబ్‌సీ మీద బిల్డ్ చేసిన అతి చిన్న ప్రోగ్రాము సైతం దానినే అడుగుతుంది.

కాబట్టి మీ ప్యాకేజీ చేరవలసిన వ్యవస్థల్లో అన్నిటికన్నా పాతదానిని ఎంచుకొని, దాని కంటెయినర్‌లోనే, అంటే మీ కంప్యూటర్‌లోనే ఆ పాత వ్యవస్థ ఫైళ్లతో విడిగా నడిచే వాతావరణంలోనే, బిల్డ్ చేయండి. మిగతా జాగ్రత్తలన్నిటికన్నా ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీని స్టాటిక్‌గా లింకు చేయండి, అంటే ప్రోగ్రాము ఫైలులోనే కలిపేయండి. పంపేముందు ప్రతి బైనరీ (బిల్డ్ చేయగా వచ్చిన ఫైలు) జీలిబ్‌సీలో ఏయే వెర్షన్లను అడుగుతోందో ‘ఆబ్జ్‌డంప్’ అనే పరికరంతో చూడండి.

ఆల్పైన్ లినక్స్‌లో జీలిబ్‌సీకి బదులు మసల్ అనే మరో సీ లైబ్రరీ ఉంటుంది. అక్కడ ఫైలు కళ్లెదుటే ఉన్నా ‘కనబడలేదు’ అని వస్తే, నిజానికి కనబడనిది, ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే డైనమిక్ లోడరని గ్రహించి, ఆల్పైన్‌కు వేరే ప్యాకేజీ సిద్ధం చేయండి.