డిప్రెషన్‌లో ఉండి తాగుడు మానాలంటే ఎలా మొదలుపెట్టాలి?

"ముందు తాగుడు మానెయ్, డిప్రెషన్ సంగతి తర్వాత చూద్దాం" అంటారు ఇంట్లోవాళ్లు. "ఈ దిగులు తగ్గితే నేనే మానేస్తా" అంటారు తాగేవాళ్లు. రెండూ జరగవు. తాగిన కాసేపు మనసు తేలికైనట్టే ఉంటుంది కానీ అర్ధరాత్రి మెలకువ వస్తుంది, తెల్లారేసరికి దిగులూ టెన్షనూ ఇంకా పెరుగుతాయి, సాయంత్రానికి మళ్లీ గ్లాసే గుర్తొస్తుంది. అందుకే రెండింటికీ వైద్యం ఒకేసారి మొదలవ్వాలి.

1. వారం పాటు రాసుకోండి. ఎంత తాగారు, ఎన్నింటికి, అంతకుముందు మనసెలా ఉంది. క్వార్టర్ అయితే క్వార్టర్ అనే రాయండి, ఇది డాక్టర్‌కి తప్ప ఎవరికీ చూపించక్కర్లేదు.

2. రోజూ బాగా తాగేవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా మానొద్దు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పొద్దున లేవగానే చేతులు వణికి, చెమటలు పట్టి, ఒక గుక్క పడితే గానీ కుదుటపడట్లేదంటే శరీరం మద్యానికి అలవాటుపడిపోయిందని అర్థం. అలాంటివాళ్లు మాల వేసుకున్నామనో ఒట్టు పెట్టుకున్నామనో ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనపడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలై ప్రాణానికే ప్రమాదం కావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్లు వరసగా వచ్చారు. డాక్టర్ చూస్తుండగా, మాత్రలతో, బి1 విటమిన్‌తో మానితే ఈ ప్రమాదం చాలా తగ్గుతుంది.

3. డాక్టర్‌కి రెండూ చెప్పండి. దిగులు గురించి చెప్పి తాగుడు దాచేవాళ్లు ఎక్కువ, అప్పుడు సరైన మందు రాయడం కష్టం. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి, ఇది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డలోనూ, విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలోనూ చూస్తారు.

4. మాత్రలకు టైమివ్వండి. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. "ఏమీ తేడా లేదు" అని చాలామంది మళ్లీ సీసా పట్టేది ఈ మధ్యలోనే. ఇవాళ తాగుతాం కదా అని మాత్ర మానేయడం కూడా మంచిది కాదు, ఏం చేయాలో ముందే డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

5. రాసుకున్నదాంట్లో మీరు ఎక్కువగా తాగే గంట ఏదో కనిపిస్తుంది. ఆఫీసు నుంచి రాగానే అయితే ఆ టైమ్‌కి ముందే అన్నం తినేయండి, వైన్‌షాప్ లేని దారిలో రండి, ఒక మనిషికి ఫోన్ చేయండి. ఇంట్లో సీసా ఉంచకండి.

6. ఇంట్లోవాళ్లు తాగే మనిషికి తెలియకుండా కూరలోనో మజ్జిగలోనో మాన్పించే మందు కలపొద్దు. అలాంటి మందైన డైసల్ఫిరామ్ ఒంట్లో ఉండగా మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. పైగా విషయం బయటపడ్డాక ఆ మనిషి మీ చేతి అన్నం కూడా నమ్మడు. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే మాత్రం తాగి అన్నమాటేలే అని వదిలేయకండి, మత్తులోనే తెగింపు ఎక్కువ. పురుగుమందు, మాత్రలు అందకుండా తీసేయండి, పక్కనే ఉండండి, 14416కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

7. మధ్యలో ఒకరోజు తాగారా? సిగ్గుపడి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానకండి. ఎంత తాగారో, ఆరోజు ఏం జరిగిందో అక్కడే చెప్పండి, మందులు మార్చాలో లేదో దాన్నిబట్టే చూస్తారు.