రేషన్‌లోనూ బడి భోజనంలోనూ బడ్జెట్ కోత ఎక్కడ పడిందో కనిపెట్టడం ఎలా

ఆహార పథకాలకు నిధులు తగ్గించినట్టు ఏ ప్రభుత్వమూ చాటింపు వేయదు. కోత జరిగిన సంగతి కార్డుదారుకు వేరే రూపాల్లో తెలుస్తుంది: కొత్త కార్డు దరఖాస్తు నెలల తరబడి పరిశీలనలోనే ఉండిపోతుంది, అంగన్‌వాడీకి గుడ్లు ఆలస్యంగా వస్తాయి, బడిలో పప్పు పలచబడుతుంది, వంట చేసే మహిళలకు గౌరవ వేతనం బకాయి పడుతుంది. వీటిలో ఏది బడ్జెట్ వల్ల వచ్చిన నష్టం, ఏది కింది స్థాయి అక్రమం, ఏది కేవలం సాంకేతిక లోపం అన్నది విడదీసి చూడగలిగితేనే ఎవరిని, ఏమని అడగాలో తేలుతుంది. హైదరాబాద్ బస్తీల్లో ఇలాంటి కుటుంబాల తరఫున కార్యాలయాల చుట్టూ తిరిగే మహిళా సంఘాల సభ్యులనూ యువకులనూ దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు ఇస్తున్నాను.

ముందు డబ్బు ఎవరిదో తేల్చుకోండి

జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 ప్రకారం ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం, అంత్యోదయ (అత్యంత పేద) కుటుంబానికి మొత్తంగా 35 కిలోలు ఇవ్వాలి. 2023 జనవరి నుంచి దీన్ని కేంద్రం ఉచితంగా ఇస్తోంది. 2024 జనవరి నుంచి మరో ఐదేళ్ళపాటు అలాగే కొనసాగిస్తామని ప్రకటించింది. తెలంగాణలో మనిషికి 6 కిలోలు అందుతున్నాయి, 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. ఆ ఆరో కిలో, దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం ఇవ్వడానికయ్యే అదనపు ఖర్చు, కేంద్రం లెక్కలోకి రాకుండా రాష్ట్రం తానుగా మంజూరు చేసిన కార్డులకు వెళ్ళే బియ్యం మొత్తం రాష్ట్ర ఖజానా భరించేవే. కాబట్టి మీ కార్డు కేంద్ర చట్టం కింద నమోదైందా, రాష్ట్రం సొంతంగా ఇచ్చిందా అన్నది పౌరసరఫరాల సర్కిల్ కార్యాలయంలో అడిగి రాసిపెట్టుకోండి. మామూలు రోజుల్లో ఈ తేడాతో పని ఉండదు గానీ, ఖజానా ఖాళీ అయినప్పుడు అన్నిటికన్నా ముందు పనికొచ్చేది ఇదే.

బడి భోజనంలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్ళలో పంచుకుంటాయి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పెట్టేది రాష్ట్రం సొంత ఖర్చే. వంట చేసేవారికి రాష్ట్రంలో ప్రకటించిన గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు కాగా, అందులో కేంద్రం వాటా 600 మాత్రమే. అంగన్‌వాడీ పోషకాహారం ఖర్చు సగం సగం. ఆస్పత్రుల దగ్గర, అడ్డా కూలీలు నిలబడే కూడళ్ళ దగ్గర 5 రూపాయలకు భోజనం పెట్టే క్యాంటీన్ల సంగతి వేరు. అక్కడ మిగతా ఖర్చును జీహెచ్ఎంసీ (నగర బల్దియా) భరిస్తుంది కనుక, అక్కడ ప్లేట్లు తగ్గితే అసెంబ్లీ బడ్జెట్ తిరగేసి లాభం లేదు, బల్దియా లెక్కలు చూడాలి.

ఈ విభజన ఎందుకు ముఖ్యమో మన చరిత్రే చెబుతుంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మొదలుపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం 1996లో మూడున్నర రూపాయలైంది. 2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో 185 రూపాయలకు తొమ్మిది సరుకులతో మొదలైన అమ్మహస్తం ఆ తర్వాత కొద్ది కాలానికే కనుమరుగైంది. ఆ చింతపండు, ఆ కందిపప్పు ఏమయ్యాయని అడగడానికి ఏ చట్టమూ ఆధారంగా లేదు. చట్టం రాసిచ్చిన దాన్ని ఆర్థిక ఇబ్బంది సాకుతో ఆపడానికి వీల్లేదు. ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చిన దాన్ని మరో ఉత్తర్వుతో తీసేయవచ్చు.

రసీదు చదివే పద్ధతి

దుకాణంలో వేలిముద్ర వేశాక ఈ-పోస్ యంత్రం నుంచి వచ్చే చిన్న కాగితాన్ని చాలామంది సంచిలో వేసి మరచిపోతారు. మొత్తం వ్యవహారంలో మీ చేతికొచ్చే సాక్ష్యం అదొక్కటే. నలుగురు సభ్యులున్న ప్రాధాన్య కుటుంబాన్ని తీసుకోండి. రసీదులో 24 కిలోలు ఉండాలి. రసీదు 24 చూపి సంచిలో 22 మాత్రమే ఉంటే అది తూకంలో మోసం. దానికీ బడ్జెట్‌కూ సంబంధం లేదు. రసీదే 18 చూపితే ఒక సభ్యుని పేరు జాబితాలోంచి పోయినట్టు, అది చాలాసార్లు ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ) పూర్తికాకపోవడం వల్ల జరుగుతుంది. రసీదు 20 చూపితే రాష్ట్రం కలిపే నాలుగు కిలోలు ఆగాయన్నమాట. నిజమైన కోత ఆ మూడో సందర్భమే. అంత్యోదయ కార్డుకు ఈ లెక్క వర్తించదు. అక్కడ 35 కిలోలకు గ్రాము కూడా తగ్గకూడదు.

సరుకు రాలేదని డీలరు తిప్పి పంపితే రెండు పనులు చేయాలి. రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా తీసుకునే వీలుంది కాబట్టి పక్క దుకాణంలో ప్రయత్నించాలి. అక్కడా లేకపోతే ఏ తేదీన, ఏ దుకాణాలకు వెళ్ళారో రాసుకుని, అదే రోజు 1967 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం ధాన్యం ఇవ్వలేకపోతే ప్రభుత్వం ఆహార భద్రతా భత్యం చెల్లించాలి. కార్డుదారు అసలు దుకాణానికే రాలేదన్న మాట రాకుండా ఉండాలంటే ఈ ఆధారాలు కావాలి. ఈ భత్యం కేంద్ర చట్టం కింద ఉన్న కార్డులకే వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

బడి వంటగదిలో చూడవలసినవి

నా అంచనాలో కోత అన్నిటికంటే ముందు తగిలేది ఇక్కడే, ఎందుకంటే ఇక్కడ అప్పు భారం ప్రభుత్వం మీద కాక వంట చేసే మహిళ మీద పడుతుంది. బియ్యం సర్కారు నుంచి వస్తాయి: ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల్లో 150 గ్రాములు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంటచెరకు లేదా గ్యాసు మాత్రం వండేవాళ్ళే కొని తెచ్చి తర్వాత బిల్లు పెట్టుకోవాలి. 2025 మే నుంచి ఇందుకు ఇచ్చే మొత్తం ప్రాథమిక తరగతుల్లో పిల్లకు 6 రూపాయల 78 పైసలు, ప్రాథమికోన్నతంలో 10 రూపాయల 17 పైసలు. ఆ డబ్బు రెండు మూడు నెలలు ఆగితే కిరాణా కొట్టులో ఖాతా పెరుగుతుంది. కొట్టువాడు కందిపప్పు అరువివ్వడం మానేస్తాడు. పిల్లల పళ్ళెంలో పప్పు పోయి చారు మిగులుతుంది. వారానికి మూడు గుడ్లు పెట్టాల్సిన చోట రెండే పెడుతున్నారంటే వండేవాళ్ళ మీద కోపగించుకునే ముందు వాళ్ళకు ఏ నెల వరకు బిల్లులు అందాయో అడగండి.

ప్రధానోపాధ్యాయుల్లో చాలామంది ప్రస్తావించని నిబంధన ఒకటుంది. 2015 మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం భోజనం నిధులు తాత్కాలికంగా అయిపోతే, బడి దగ్గరున్న ఇతర నిధుల్ని వాడి భోజనం కొనసాగించవచ్చు. తర్వాత భోజనం నిధులు రాగానే వాటిని తిరిగి జమచేస్తారు. భోజనం పెట్టని రోజులకు తర్వాతి నెల 15వ తేదీలోగా పిల్లలకు భత్యం ఇవ్వాలని, వరుసగా మూడు బడి రోజులు గాని నెలలో ఐదు రోజులు గాని భోజనం ఆగితే బాధ్యులెవరో తేల్చాలని అవే నియమాలు చెబుతున్నాయి. తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట మర్యాదగా అడిగి, జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించండి.

అంగన్‌వాడీలో అంత పరిశీలన అక్కర్లేదు. గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి కింద భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు; ఏడు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు రెండున్నర కిలోల బాలామృతం పొట్లం. సరుకు ఏ తేదీన వచ్చిందో స్టాకు రిజిస్టరులో చూస్తే చాలు.

బడ్జెట్ పుస్తకంలో వెతకడం

ఆర్థిక శాఖ వెబ్‌సైటులో డిమాండ్ల వారీ సంపుటాలు ఉంటాయి. పౌరసరఫరాలకు 3456, ఆహార నిల్వలకు 2408, పోషకాహారానికి 2236 అనే పద్దు సంఖ్యలతో వెతకండి. ప్రతి పద్దుకూ మూడు రకాల అంకెలు కనిపిస్తాయి: కేటాయింపు, సవరించిన అంచనా, రెండేళ్ళ కిందటి వాస్తవ వ్యయం. పత్రికల్లో పతాక శీర్షికకెక్కేది మొదటిది, కుటుంబానికి పనికొచ్చేది మూడోది. కేటాయింపు ఘనంగా ఉండి వాస్తవ వ్యయం ఏటా దానికి చాలా దూరంలో ఆగిపోతుంటే కోత అసెంబ్లీలో కాదు, విడుదల ఉత్తర్వుల దగ్గర పడిందని అర్థం. నూనె, పప్పు ధరలు పెరిగిన ఏడాది కేటాయింపు నిరుటి అంకె దగ్గరే ఆగినా అది కోతే.

ఇంకొక చిక్కు ఉంది. 60, 40 పాళ్ళ పథకాల్లో రాష్ట్రం తన వాటా జమ చేయకపోతే కేంద్రం తరువాతి విడత ఆగుతుంది. అంటే రాష్ట్రం ఒక రూపాయి ఆపితే దాని వెనుక మరో రూపాయిన్నర ఆగుతుంది. కాగితం మీద చిన్నదిగా కనబడే పొదుపు వంటగదికి చేరేసరికి రెండున్నర రెట్లవుతుంది.

ఎక్కడ, ఏమని అడగాలి

చట్టబద్ధమైన వాటా తగ్గితే రాతపూర్వకంగా సర్కిల్ కార్యాలయంలోని సహాయ సరఫరా అధికారికి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడ తేలకపోతే నగరంలో చీఫ్ రేషనింగ్ ఆఫీసరుకు, జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి హోదాలో అదనపు కలెక్టరుకు, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్‌కు వెళ్ళాలి. జిల్లా అధికారి సూచించిన ఉపశమనాన్ని కారణం లేకుండా అందించని ఉద్యోగికి 5,000 రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. దరఖాస్తులో చట్టం పేరు, సెక్షన్ రాయండి. దయచూపమని ప్రాధేయపడే వాక్యాలు అక్కర్లేదు.

ఆరో కిలో, కొత్త కార్డు, క్యాంటీన్ ప్లేటు వంటి వాటికి ఈ దారి పనికిరాదు. వాటికి అర్జీలు తీసుకునే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణి, మంగళ, శుక్రవారాల్లో ప్రజాభవన్ ప్రజావాణి, ఎమ్మెల్యే, కార్పొరేటరు ఉన్నారు. వీరి దగ్గరకు ఉత్త చేతులతో వెళ్ళకుండా సమాచార హక్కు కింద మూడే ప్రశ్నలు వేయండి: మా మండలంలో బడి భోజనం బిల్లులు ఏ నెల వరకు చెల్లించారు, ఈ ఏడాది కేటాయింపులో ఇప్పటివరకు ఎంత విడుదలైంది, మా సర్కిల్‌లో పెండింగులో ఉన్న కొత్త కార్డుల దరఖాస్తులు ఎన్ని. రుసుము ఎక్కువలో ఎక్కువ పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది కనుక దరఖాస్తు డిసెంబరులోనే వేయండి. అప్పీలుకు వెళ్ళాల్సి వచ్చినా, ఎమ్మెల్యే సభలో ప్రశ్న వేయడానికి సమయం ఉండగానే ఆ అంకెలు ఆయన చేతిలో పెట్టవచ్చు.