అమెరికా విశ్వవిద్యాలయ శాఖకు విజిటింగ్ స్కాలర్‌గా వెళ్లడం ఎలా?

మన విశ్వవిద్యాలయాల నుంచి ఒక సెమిస్టరుకో, ఒక సంవత్సరానికో అమెరికాలోని ఏదో ఒక శాఖకు విజిటింగ్ స్కాలర్‌గా వెళ్లే అధ్యాపకులు, పరిశోధకులు చాలామంది ఉన్నారు. నేను రెండుసార్లు అలా వెళ్లి వచ్చాను, మా శాఖ నుంచి ఆ తరువాత వెళ్లినవారి కాగితాలు చాలావరకు నా చేతుల మీదుగానే సాగాయి. విమానం టికెట్టు గురించి, అద్దె ఇంటి గురించి, పెట్టెలో పెట్టుకోవలసిన పచ్చళ్ల గురించి నెలల తరబడి విచారించేవారు, వీసాకు మూలమైన పత్రంలో కేటగిరీని తెలిపే, తమ రాబోయే రెండేళ్లను నిర్ణయించే ఒక్క గడిని మాత్రం అవతలి ఆఫీసు ఎలా నింపితే అలా ఒప్పుకొని వచ్చేస్తున్నారు. ఆ తప్పును పదేపదే చూసిన బాధతో రాస్తున్నాను కనుక, తక్కిన మెట్లను త్వరగా చెప్పి, ఆ ఒక్క మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఆహ్వానం

ఆహ్వానం కోసం శాఖాధ్యక్షుడికి కాకుండా, మీ విషయంలోనే పనిచేస్తున్న ఒక ఆచార్యుడికి రాయాలి. ఉత్తరం ఒక పేజీ, దానికి జతగా పరిశోధన ప్రణాళిక రెండు పేజీలు, అంతకు మించకూడదు. ఆ విశ్వవిద్యాలయానికే ఎందుకు రావాలనుకుంటున్నారో అందులో స్పష్టంగా ఉండాలి. తెలుగు సాహిత్యంలో, చరిత్రలో పనిచేసేవారికి దీనికి మంచి కారణమే ఉంది: మనకు అమెరికా ధాన్యం అమ్మిన పీఎల్-480 చట్టం కింద 1962 నుంచి మన దేశంలో కొన్న పుస్తకాలు, పత్రికలు అమెరికా గ్రంథాలయాలకు చేరాయి, ఇక్కడ దొరకని సంచికలు కొన్ని అక్కడ భద్రంగా ఉన్నాయి. మీకు కావలసిన గ్రంథాల పేర్లను ఆ గ్రంథాలయ జాబితాలో ముందే వెతికి, ఉత్తరంలో రెండు మూడింటిని పేర్కొంటే, మీరు ఊరు చూడడానికి వస్తున్నవారు కాదని చదివిన వెంటనే తెలుస్తుంది. ఆ ఆచార్యుడు మీరు ఉండే నెలల్లో సెలవు మీద వెళ్తున్నాడో లేదో కూడా అడగాలి.

రావలసిన కాలం ఆగస్టు చివరి వారం. వేసవిలో వెళ్లినవారికి ఖాళీ నడవాలు, తాళాలు వేసిన గదులు తప్ప ఏమీ కనిపించవు. జనవరిలో వెళ్లినవారికి పరిచయాలు కుదిరేసరికి సెమిస్టరు సగం దాటిపోతుంది. ఆగస్టులో చేరాలంటే అంతకు ముందటి డిసెంబరులోనే ఉత్తరం రాయాలి.

కేటగిరీ ఎంపిక: తొందరపడకూడని మెట్టు

ఆచార్యుడు సరేనన్న తరువాత, శాఖ ఆఫీసు మీ వివరాలను విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ కార్యాలయానికి పంపుతుంది, ఆ కార్యాలయం డీఎస్-2019 అనే పత్రాన్ని ఇస్తుంది. ఇలా వచ్చే సందర్శకులకు (ఎక్స్‌ఛేంజ్ విజిటర్లకు) ఇచ్చే జే-1 వీసాకు మూలం ఈ పత్రమే. ఇందులో మీ కేటగిరీని తెలిపే గడి ఒకటి ఉంటుంది. విజిటింగ్ స్కాలర్ అనేది శాఖ ఇచ్చే గౌరవ నామం మాత్రమే, వీసా నిబంధనల్లో అలాంటి కేటగిరీ లేదు. ఆ గడిలో సాధారణంగా రీసెర్చ్ స్కాలర్ అనో, షార్ట్-టర్మ్ స్కాలర్ అనో ఉంటుంది. శాఖ ఆఫీసులో ఫారం నింపే ఉద్యోగి ఎక్కువగా అలవాటు కొద్దీ రీసెర్చ్ స్కాలర్ అని రాస్తారు. అది పెద్ద పదంలా వినిపిస్తుంది కనుక మనవారు కూడా సంతోషిస్తారు.

ఈ రెండింటి మధ్య తేడాను జాగ్రత్తగా గ్రహించాలి. రీసెర్చ్ స్కాలర్‌గా గరిష్ఠంగా ఐదేళ్ల వరకు ఉండవచ్చు. కానీ ఆ కార్యక్రమం ముగిసిన తేదీ నుంచి రెండేళ్లపాటు మళ్లీ రీసెర్చ్ స్కాలర్‌గా గానీ, ప్రొఫెసర్ కేటగిరీలో గానీ రావడానికి వీలులేదు. మీరు ఐదేళ్లూ వాడుకున్నారా, మూడు నెలలే వాడుకున్నారా అన్నదానితో ఈ నిషేధానికి సంబంధం లేదు. మీతో జే-2 (కుటుంబ సభ్యుల వీసా) మీద వచ్చిన భార్యకు లేదా భర్తకు కూడా ఇదే వర్తిస్తుంది. షార్ట్-టర్మ్ స్కాలర్‌కు ఈ రెండేళ్ల నిషేధం లేదు, అయితే గరిష్ఠ గడువు ఆరు నెలలే. ఆరు నెలలంటే ఆరు నెలలే, ఒక్క వారం కూడా పొడిగించరు.

మా సహోద్యోగి ఒకరు 2022 ఆగస్టులో నాలుగు నెలల కోసం వెళ్లారు. వారి పత్రంలో రీసెర్చ్ స్కాలర్ అని ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. డిసెంబరు 20న కార్యక్రమం ముగించి వచ్చేశారు. ఆ నాలుగు నెలల్లో చేసిన పని నచ్చి, మరొక విశ్వవిద్యాలయం 2024 ఆగస్టు నుంచి పూర్తి సంవత్సరానికి జీతంతో సహా పిలిచింది. ఇక్కడ సెలవు మంజూరైంది, పిల్లల బడి మాన్పించడానికి కూడా సిద్ధపడ్డారు. అప్పుడు అక్కడి అంతర్జాతీయ కార్యాలయం పాత రికార్డు తీసి, 2024 డిసెంబరు 20కి ముందు పత్రం ఇవ్వలేమని రాసింది. ఆ శాఖ నిధులు ఆ విద్యాసంవత్సరానికే పరిమితం కావడంతో అవకాశం మరొకరికి వెళ్లిపోయింది. మొదటిసారి పత్రంలో షార్ట్-టర్మ్ స్కాలర్ అని రాయించుకొని ఉంటే ఈ ఆటంకమే ఉండేది కాదు. అడగడానికి ఒక్క ఈమెయిలు చాలు.

కాబట్టి నేను పాటించే నియమం ఇది. మీ పని ఆరు నెలల లోపు ఖచ్చితంగా ముగుస్తుందని తెలిస్తే, షార్ట్-టర్మ్ స్కాలర్‌గానే పత్రం ఇవ్వమని ఆహ్వానం వచ్చిన రోజే రాతపూర్వకంగా అడగాలి. ఆరు నెలలు దాటే అవకాశం కొంచెమైనా ఉంటే రీసెర్చ్ స్కాలర్‌గా వెళ్లాలి, అలా వెళ్లేటప్పుడు సెలవు, నిధులు అనుమతించినంత పూర్తి కాలానికి పత్రం తీసుకోవాలి. రెండేళ్లపాటు ద్వారం మూసుకుపోయేటప్పుడు, దానికి బదులుగా లోపల దొరికే కాలాన్ని కోసుకోవడం తెలివైన పని కాదు. ముందు షార్ట్-టర్మ్‌గా వెళ్లి అక్కడే రీసెర్చ్ స్కాలర్‌గా మారిపోవచ్చుననే సలహా కొందరు ఇస్తారు. దాన్ని నమ్ముకొని వెళ్లవద్దు.

ఇంకొక నిబంధన కూడా ఉంది. రీసెర్చ్ స్కాలర్‌గా మొదలుపెట్టే తేదీకి ముందటి పన్నెండు నెలల్లో మీరు ఏ రూపంలోనైనా జే హోదాలో అమెరికాలో ఉండి ఉంటే, సాధారణంగా పత్రం ఇవ్వరు. అంతకు ముందు ఉన్నది ఆరు నెలల కంటే తక్కువైతేనో, షార్ట్-టర్మ్ స్కాలర్‌గా అయితేనో మినహాయింపు ఉంది. భర్తతో జే-2 మీద సంవత్సరం పాటు ఉండి వచ్చి, మరుసటి సంవత్సరమే తాను స్కాలర్‌గా వెళ్లాలనుకునే అధ్యాపకురాలు ముందుగా చూసుకోవలసింది ఈ లెక్కనే.

ఇక్కడ మనవారిని అన్నింటికంటే ఎక్కువగా తికమక పెట్టేది మరొకటి. అమెరికా వలస చట్టంలోని 212(ఇ) అనే సెక్షను కింద, కొందరు జే-1 సందర్శకులు స్వదేశంలో రెండేళ్లు గడిపిన తరువాతే హెచ్-1బీ వంటి వీసాలకు గానీ, గ్రీన్ కార్డుకు గానీ అర్హులవుతారు. దానికీ, పైన చెప్పిన నిషేధానికీ సంబంధం లేదు. రెండింటిలోనూ రెండేళ్లు అనే సంఖ్య ఉండడం వల్ల, ఒకటి లేదని తెలియగానే రెండోదీ లేదనుకుంటున్నారు. ఏ దేశానికి ఏ నైపుణ్యాలవారు అవసరమో తెలిపే అమెరికా ప్రభుత్వపు నైపుణ్యాల జాబితా కారణంగా 212(ఇ) ఒకప్పుడు మనవారిలో చాలామందికి వర్తించేది. 2024 డిసెంబరు 9న వచ్చిన సవరించిన జాబితాలో భారతదేశం లేదు. అయినా ప్రభుత్వ నిధులతో వెళ్లేవారికి, ఉదాహరణకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోలకు, ఆ షరతు ఇప్పటికీ ఉంది. జాబితా నుంచి దేశం పేరు తీసేశారు కనుక నిషేధం కూడా పోయిందని ఈమధ్య నాతో ముగ్గురు చెప్పారు. ముగ్గురూ పొరబడ్డారు. రీసెర్చ్ స్కాలర్ నిషేధం అన్ని దేశాలవారికీ ఒక్కటే, దానికి మాఫీ కోరే అవకాశం కూడా లేదు.

ఈ గొడవంతా లేకుండా బీ-1 సందర్శక వీసా మీద వెళ్లిపొమ్మనేవారు కూడా ఉన్నారు. బీ-1 మీద జీతం లేకుండా స్వతంత్ర పరిశోధన చేసుకోవచ్చన్న మాట నిజమే. ఒక సంస్థలో తొమ్మిది రోజులకు మించకుండా, ఆరు నెలల్లో ఐదు సంస్థలకు మించకుండా, ఉపన్యాసాలకు గౌరవ పారితోషికం తీసుకోవచ్చన్నదీ నిజమే. పది రోజుల పర్యటనకు అది సరిపోతుంది. శాఖలో కూర్చొని నెలల తరబడి పనిచేయదలచినవారికి మాత్రం జే-1 తప్ప మరొకటి తగదు. గది, గ్రంథాలయ కార్డు, కంప్యూటర్ ఖాతా అన్నీ ఆ హోదాతోనే సులభంగా ముడిపడి ఉంటాయి.

పత్రం వచ్చాక

డీఎస్-2019 ఇప్పుడు ఈమెయిల్లో కూడా వస్తోంది. అందులో కేటగిరీని, మొదలు, ముగింపు తేదీలను, నిధుల మొత్తాన్ని, పుట్టిన తేదీని సరిచూసుకోవాలి, ఆ తరువాత పేరును. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలో ఉండడం మామూలే. అలాంటప్పుడు అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అనే మూడక్షరాలు పడతాయి. విశ్వవిద్యాలయ గుర్తింపు కార్డు మీద, బ్యాంకు ఖాతాలో అవే మూడక్షరాలు మీ పేరుగా నిలిచిపోతాయి. అందువల్ల ఆహ్వానం కోసం రాయడానికి ముందే పాస్‌పోర్టులో ఇంటిపేరును పూర్తిగా, దాని గడిలోనే వేయించుకోవాలి.

తరువాత సెవిస్ (విదేశీ విద్యార్థుల, సందర్శకుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) రుసుము 220 డాలర్లు, వీసా దరఖాస్తు రుసుము 185 డాలర్లు చెల్లించి, డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం నింపాలి. ఈ ఫారాన్ని కన్సల్టెన్సీలకు అప్పగించవద్దు. వారు విద్యార్థుల ఫారాలు నింపే అలవాటుతో మీ పరిశోధన గురించి ఎవరికైనా సరిపోయే నాలుగు వాక్యాలు రాస్తారు, ఇంటర్వ్యూలో వాటికి జవాబు చెప్పవలసింది మీరు. హైదరాబాదులో ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో జరుగుతుంది. ఆహ్వాన పత్రం, సెలవు మంజూరు ఉత్తర్వు, పరిశోధన సారాంశం, ప్రచురణల జాబితా కాగితం మీదే తీసుకెళ్లాలి. విజ్ఞానశాస్త్ర, సాంకేతిక విషయాలవారిని అదనపు పరిశీలనలో పెట్టవచ్చు, అది వారాలు పట్టవచ్చు కనుక టికెట్టు అప్పుడే కొనకూడదు.

ఆరోగ్య బీమా తప్పనిసరి. ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్లు, వైద్యం కోసం స్వదేశానికి తరలించడానికి 50,000 డాలర్లు, మరణిస్తే భౌతికకాయాన్ని పంపడానికి 25,000 డాలర్లు వర్తించాలి, ముందుగా మనం భరించే భాగం 500 డాలర్లకు మించకూడదు. కుటుంబం వెంట వస్తే వారికీ ఇవే షరతులు. ఇక్కడ దొరికే చవక ప్రయాణ బీమాలు కొన్ని ఈ లెక్కకు నిలవవు, అంకెలు చదివి కొనండి.

శాఖలో చేరడం

పత్రంలోని మొదలు తేదీకి ముప్పై రోజుల ముందు నుంచి దేశంలోకి రావచ్చు. రాగానే ఐ-94 అనే ప్రవేశ రికార్డును తీసి, హోదా జే-1 అని ఉందో లేదో చూసి, అంతర్జాతీయ కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. మొదలు తేదీ నుంచి ముప్పై రోజుల్లోగా సెవిస్‌లో మీ రాక నమోదు కావాలి. ఇల్లు మారితే పది రోజుల్లోగా చిరునామా తెలపాలి. జీతం తీసుకునేవారు సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు చేయాలి, మిగతావారికి దానితో పనిలేదు.

శాఖలో మొదట కలవవలసింది ఆచార్యుణ్ని కాదు, శాఖ మేనేజరును. తాళం చెవి, కార్డు, ఖాతా, కూర్చునే చోటు అన్నీ ఆ ఒక్కరి చేతిలో ఉంటాయి. తరగతులకు హాజరు కావాలనుకుంటే బోధించేవారి అనుమతి విడిగా అడగాలి, స్కాలర్ అయినంత మాత్రాన అది దానంతటదే రాదు. మొదటి ఆరు వారాల్లో శాఖ సెమినార్‌లో ఒక ఉపన్యాసం ఇవ్వాలి. చివరి వారానికి వాయిదా వేసినవారికి శాఖలో పరిచయాలు ఏర్పడేది సరిగ్గా బయలుదేరే ముందే. మన అలవాటు ప్రకారం ఎవరైనా పిలిస్తే తప్ప గదిలోంచి కదలకుండా కూర్చోవద్దు. అక్కడ పిలవకపోవడం అనాదరణ కాదు, మీ పనికి అడ్డు రాకూడదన్న మర్యాద.

దక్షిణాసియా అధ్యయనాలవారు అక్టోబరులో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో జరిగే వార్షిక సదస్సుకు వెళ్లాలి. ఎక్కడికి వెళ్లి మాట్లాడినా, పారితోషికం ఇస్తామంటే, ఉపన్యాసానికి ముందే మీ అంతర్జాతీయ కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. తరువాత తీసుకున్న అనుమతి చెల్లదు.

ఆదాయం లేనివారు కూడా అమెరికా పన్ను శాఖకు ఫారం 8843ను మరుసటి సంవత్సరం జూన్ 15లోగా పంపాలి. జీతం ఉన్నవారికి భారత-అమెరికా పన్ను ఒప్పందం 22వ అధికరణం కింద రెండేళ్ల లోపు బోధన, పరిశోధనల ఆదాయంపై మినహాయింపు ఉంది, దానికి జీతమిచ్చే విశ్వవిద్యాలయానికి ఫారం 8233 ఇవ్వాలి. బస రెండేళ్లు దాటితే మొదటి రోజు నుంచి ఆ మినహాయింపు పోతుంది కనుక, పొడిగింపు కోరే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

కార్యక్రమం ముగిశాక దేశం విడిచి వెళ్లడానికి ముప్పై రోజుల గడువు ఉంటుంది, ఆ రోజుల్లో పని చేయకూడదు. పత్రంలోని ముగింపు తేదీ కంటే ముందే వచ్చేస్తుంటే, బయలుదేరే తేదీని అంతర్జాతీయ కార్యాలయానికి రాసి, రికార్డును ఆ తేదీతో ముగించినట్లు జవాబు తెప్పించుకోవాలి. రీసెర్చ్ స్కాలర్‌గా వెళ్లినవారికి రెండేళ్ల లెక్క సెవిస్‌లో ఉన్న ముగింపు తేదీ నుంచే మొదలవుతుంది. చెప్పకుండా మూడు నెలల ముందు వచ్చేస్తే, ఆ మూడు నెలలూ నిషేధానికి అదనంగా చేరతాయి. ఆ జవాబును, ఇప్పటివరకు వచ్చిన డీఎస్-2019 పత్రాలన్నింటినీ ఒకే ఫైలులో దాచుకోండి. తరువాతి ఆహ్వానం వచ్చినప్పుడు అవతలి కార్యాలయం మొదట అడిగేది వాటినే.