సర్వీసు రికార్డులో చిరునామా మార్పించే ముందు

నవంబరు దగ్గర పడుతుంటే, పింఛనుదారు బతికే ఉన్నట్టు ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం పుణ్యమా అని మాజీ సైనికుల ఇళ్లలో పాత కాగితాలన్నీ బయటికి వస్తాయి. డిశ్చార్జి బుక్కులో ఒక జిల్లా, ఆధార్‌లో మరో జిల్లా, పీపీఓలో (పింఛను మంజూరు ఉత్తర్వులో) ఇంకో రాష్ట్రం కనిపిస్తాయి. కంగారు పుడుతుంది. "నా చిరునామా తప్పుగా ఉంది, సరిచేయగలరు" అని రెండు వాక్యాల అర్జీ రాసి, ఆధార్ నకలు జతచేసి, సర్వీసు పత్రాలు ఉండే రికార్డ్ ఆఫీసుకు పంపేస్తారు. కొన్ని నెలలకు ఆ అర్జీ తిరిగి వస్తుంది. అంతకన్నా కష్టం, ఉన్న సరైన వివరం పోయి కొత్త చిక్కు మొదలవడం.

అర్జీ రాయడానికి ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. రికార్డులో ఉన్నది మొదటినుంచీ తప్పా? ఒకప్పుడు సరైనదే అయి, ఊరి జిల్లా మారడంవల్ల పాతబడిందా? లేక మీరే ఊరు మారారా? ఈ మూడింటికీ అర్జీ వేరు, రుజువు వేరు. మూడింటినీ కలిపి "తప్పు" అని రాయడంతోనే చాలా అర్జీలు దెబ్బతింటున్నాయి.

భర్తీ సమయంలో రాసే మూల సర్వీసు పత్రమైన షీట్ రోల్‌లో ఊరు, పోస్టాఫీసు, పోలీసు స్టేషను, తాలూకా, జిల్లా, రాష్ట్రం, దగ్గరి రైల్వే స్టేషను ఉంటాయి. చేరిన నాటికి మీరు ఏ ఊరి మనిషో చెప్పే పత్రం అది. సర్వీసులో ఉండగా జరిగిన మార్పులు పార్ట్ టూ ఆర్డర్ల (సైనికుడి వివరాల్లో మార్పులను నమోదు చేసే యూనిట్ ఉత్తర్వుల) ద్వారా చేరతాయి. బయటికి వచ్చేటప్పుడు ఆ వివరాలే డిశ్చార్జి బుక్కులోకి ఎక్కుతాయి. ఎక్కించే గుమస్తా తెలుగు తెలియనివాడైతే తాడేపల్లిగూడెం కాస్తా తాడేపల్లి అవుతుంది. ఈ రెండూ వేర్వేరు ఊళ్లు, వేర్వేరు జిల్లాలు. శివారు గ్రామం పేరు పోయి, పోస్టాఫీసు ఉన్న ఊరే సొంత ఊరుగా నమోదైన సందర్భాలూ ఉంటాయి.

అందుకే నా మొదటి సలహా ఇది. డిశ్చార్జి బుక్కు చూసి అర్జీ రాయకండి, ముందు షీట్ రోల్ నకలు తెప్పించుకోండి. రికార్డ్ ఆఫీసును నేరుగా అడగవచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో అడగండి. దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. షీట్ రోల్‌లో సరిగ్గా ఉండి డిశ్చార్జి బుక్కులో మాత్రమే తప్పు ఉంటే అది నకలు రాయడంలో దొర్లిన పొరపాటు. వాళ్ల పత్రమే మీకు సాక్ష్యం కాబట్టి ఆ దిద్దుబాటు అన్నిటికన్నా తేలిక. షీట్ రోల్‌లోనే తప్పు ఉంటే ఆనాటి రుజువులు కావాలి. మీరు చదివిన బడి స్టడీ సర్టిఫికెట్టు, పదో తరగతి పత్రాలు, తల్లిదండ్రుల పేరున ఉన్న పట్టాదారు పాసుపుస్తకం, పాత ఓటరు జాబితా పనికొస్తాయి. ఆధార్ మీరు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో చెబుతుందే గాని, 1984లో ఎక్కడ ఉన్నారో చెప్పలేదు.

తెలుగువాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది రెండో రకం చిక్కు. మన ఊళ్లు కదలకుండానే జిల్లాలు మారాయి. పార్వతీపురం నుంచి 1977లో సైన్యంలో చేరిన వ్యక్తి కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా ఉంటుంది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడి ఆ ఊరు అందులోకి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. ములుగు నుంచి 1990లో చేరిన వ్యక్తి రికార్డులో వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. 2014లో రాష్ట్రం తెలంగాణ అయింది, 2016 అక్టోబరు 11న జిల్లా జయశంకర్ భూపాలపల్లి అయింది, 2019 ఫిబ్రవరిలో ములుగే జిల్లా అయింది. చింతూరు వైపు వారిది ఇంకా చిత్రమైన కథ. ఖమ్మం జిల్లాలో ఉన్న మండలం 2014లో తూర్పు గోదావరిలో కలిసి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. వీటన్నిటికీ ముందు, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అంతకుముందు చేరినవారి పత్రాల్లో మండలమన్న మాటే ఉండదు. ఇంటింటికీ ఒక సైనికుణ్ణి ఇచ్చిన ఊరుగా పేరుపొందిన మిలిటరీ మాధవరం జిల్లా పేరు పశ్చిమ గోదావరిగానే ఉంది గాని, జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. 

ఇలాంటి సందర్భాల్లో రికార్డులో ఉన్నది తప్పు కాదు. చేరిన నాటికి అదే నిజం. కాబట్టి అర్జీలో "తప్పుగా నమోదైంది" అని రాయవద్దు. "చేరినప్పుడు మా గ్రామం ఫలానా జిల్లాలో ఉండేది, ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం ఇప్పుడు ఫలానా జిల్లాలో ఉంది, ఈ మార్పును నమోదు చేయగలరు" అని రాయండి. దానికి తహసీల్దారు ధ్రువపత్రం జతచేయాలి. ఆ పత్రంలో పాత తాలూకా, పాత జిల్లా, కొత్త మండలం, కొత్త జిల్లా అన్నీ ఒకే వాక్యంలో ఉండేట్టు, రెండు చిరునామాలూ ఒకే గ్రామానివని స్పష్టంగా రాసేట్టు అడిగి చూడండి. మీసేవలోనో గ్రామ సచివాలయంలోనో వచ్చే మామూలు నివాస ధ్రువపత్రంలో కొత్త పేరు మాత్రమే ఉంటుంది. నాసిక్‌లోనో జబల్‌పూర్‌లోనో రికార్డ్ ఆఫీసులో కూర్చున్న గుమస్తాకు పార్వతీపురం మూడు జిల్లాలు మారిన సంగతి ఎలా తెలుస్తుంది? మీ కాగితమే చెప్పాలి. జిల్లాల పునర్వ్యవస్థీకరణ గెజిట్‌లో మీ మండలం పేరున్న పేజీ అచ్చు తీసి వెనక పెడితే ఇంకా మంచిది.

అఫిడవిట్ దగ్గర మరీ జాగ్రత్త. నోటరీ దగ్గర టైపు చేసేవారు అందరికీ ఒకే నమూనా వాడతారు. అందులో "రికార్డులోని చిరునామా తప్పు, నేను ఎన్నడూ అక్కడ నివసించలేదు" లాంటి వాక్యం దొర్లిపోతుంది. సంతకం పెట్టేముందు ప్రతి పంక్తీ చదవండి, ఇంగ్లిషు రాకపోతే చదివించుకోండి. మీరు ఆ ఊళ్లో పుట్టి పెరిగి ఉంటే అది అబద్ధపు ప్రమాణం అవుతుంది. రేపు పిల్లలకు స్థానికత కావలసి వచ్చినా, ఇంజనీరింగ్ ప్రవేశాల్లో సైనికుల పిల్లల కోటాకు వెళ్లినా, ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టినా, మీది ఈ ప్రాంతమేనని చూపే సైనిక పత్రం అక్కరకొస్తుంది. దాన్ని మీ చేతులతోనే కొట్టేసుకోవద్దు.

మూడో రకం వారికి, అంటే ఊరు విడిచి సైనిక్‌పురిలోనో విశాఖలోనో స్థిరపడినవారికి, ఇదే మాట మరింత గట్టిగా చెబుతాను. సొంత ఊరి వివరాన్ని అలాగే ఉండనివ్వండి. ఉత్తర ప్రత్యుత్తరాల చిరునామా మాత్రం మార్పించుకోండి. స్పర్శ్‌లో (రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థలో) మీ ప్రొఫైల్‌లో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో, మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్‌లో విడివిడిగా తెలియజేయాలి. ఒకచోట మారిస్తే మిగతావాటిలో తనంతట తాను మారదు. ముఖ్యంగా, స్పర్శ్‌లో మార్చినంతమాత్రాన రికార్డ్ ఆఫీసు పత్రాలు మారినట్టు కాదు. స్పర్శ్ పింఛను వ్యవస్థ, దాన్ని నడిపేది ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ ఖాతాల విభాగం. మీ సర్వీసు పత్రాలు ఉండేది మీ రెజిమెంటు లేదా కోర్ రికార్డ్ ఆఫీసులో.

ఆ ఆఫీసు ఏదో సరిగా తెలుసుకోండి. గోల్కొండలో శిక్షణ పొందిన ఆర్టిలరీ జవాను హైదరాబాద్‌కు రాస్తే కాదు, వారి రికార్డులు నాసిక్ రోడ్ క్యాంపులో ఉంటాయి. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల కోర్), ఆర్డినెన్స్ వారివి సికింద్రాబాద్‌లో, సిగ్నల్స్ వారివి జబల్‌పూర్‌లో, మెడికల్ కోర్ వారివి లక్నోలో, మద్రాస్ రెజిమెంటు వారివి వెల్లింగ్టన్‌లో ఉంటాయి. వైమానిక దళం వారు ఢిల్లీ సుబ్రతో పార్కులోని రికార్డ్ ఆఫీసుకు, నావికులు ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కు రాయాలి. అర్జీ పైభాగంలో ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చేరిన తేదీ, విడుదలైన తేదీ, పీపీఓ నంబరు తప్పకుండా ఉండాలి. వీలైతే జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా పంపండి. ఆయన కవరింగ్ లెటర్ ఉన్న అర్జీకి ఉన్న బరువు వేరు.

డిశ్చార్జి బుక్కు విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను. అందులో మీరు పెన్ను పెట్టకండి. ఒక్క అక్షరమైనా సరే. తెల్ల ఇంకు పూసిన పుస్తకం, దిద్దిన పుస్తకం ఏ ఆఫీసులోనూ చెల్లవు. మార్పు ఏదైనా రికార్డ్ ఆఫీసు అధికారి సంతకం, గుండ్రటి ముద్రతోనే ఉండాలి. లామినేషన్ చేయించవద్దు, చేస్తే ఆ తరువాత నమోదు చేయడానికి చోటుండదు. అసలు పుస్తకం పంపమని రాతపూర్వకంగా అడిగేదాకా ధ్రువీకరించిన నకళ్లే పంపండి. అడిగినప్పుడు అన్ని పేజీలూ స్కాన్ చేసుకుని, స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

పింఛను లేకుండా బయటికి వచ్చినవారు ఇంకా తొందరపడాలి. వారి సర్వీసు పత్రాలను 25 ఏళ్ల తరువాత రికార్డ్ ఆఫీసు నాశనం చేస్తుంది. ఆపైన డిశ్చార్జి బుక్కే వారికి మిగిలే ప్రధాన ఆధారం. 2001లో వచ్చినవారికి ఆ గడువు 2026తో తీరిపోతుంది.

ఈ రోజుల్లో "స్పర్శ్ నుంచి మాట్లాడుతున్నాం, చిరునామా సరిచేయకపోతే పింఛను ఆగుతుంది, ఓటీపీ చెప్పండి" అంటూ ఫోన్లు వస్తాయి. చిరునామా దిద్దడానికి ఎవరికీ ఓటీపీ చెప్పనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. ఫోన్ పెట్టేసి సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి.

రికార్డ్ ఆఫీసు కాదంటే కారణం రాతలో అడగండి. న్యాయం జరగలేదనిపిస్తే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది, తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి వింటుంది. చివరి ఉత్తర్వు వచ్చిన నాటినుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి. ఊరి పేరు కోసం అంతదూరం వెళ్లాలా అని అనిపించవచ్చు. కుటుంబ పింఛను సమయంలో విచారణ ఉత్తరం పాత చిరునామాకు వెళ్లి తిరిగివస్తే, ఆ భారం మోసేది భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు. మీకున్నంత పరిచయం ఆ ఆఫీసులతో ఆమెకు ఉండదు. కాబట్టి దిద్దుబాటు జరిగాక వచ్చిన ఉత్తరం నకలు, పీపీఓ, డిశ్చార్జి బుక్కు ఒకే సంచిలో పెట్టి, మీ ఆర్మీ నంబరు, రికార్డ్ ఆఫీసు పూర్తి చిరునామా ఆమె చేతనే ఒక కాగితం మీద రాయించి అందులో ఉంచండి.