పొద్దుగాల కల్లు లాంటి వైన్: మోస్కాతో దాస్తి ఎలా కొనాలి, ఎలా తాగాలి

రెండేళ్ల కిందట మా బాపు మొదటిసారి ఇటలీలో నేనుండే టూరిన్ వచ్చాడు. రాత్రి అన్నం తిన్నాక చల్లటి మోస్కాతో దాస్తి చిన్న గ్లాసులో పోసి చేతికిచ్చాను. ఆయన అప్పటిదాకా వైన్ ముట్టలేదు. గ్లాసును లైటు కింద పట్టుకుని, అడుగు నుంచి పైకి లేస్తున్న సన్న బుడగల్ని కాసేపు చూశాడు. వాసన చూశాడు. ఒక గుక్క తాగి, "పొద్దుగాల దించిన కల్లు లెక్కనే ఉన్నది బిడ్డా" అన్నాడు.

ఇక్కడ పదేళ్లుగా ఉంటూ ఈ వైన్ గురించి ఎంతమందికో ఎన్నో రకాలుగా చెప్పాను. ఇంత సరిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను. మా జగిత్యాల వైపు పుట్టినవాళ్లెవరికైనా తెలిసిన సంగతే ఇది. తెల్లారగట్ల చెట్టు మీంచి లొట్టి దించినప్పుడు కల్లు తియ్యగా, నురగతో, నాలుక మీద చిటపటలాడుతూ ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుపెక్కుతుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. అందులోని ఈస్ట్ చక్కెరను తింటూ దాన్ని ఆల్కహాల్‌గా, గ్యాస్‌గా మారుస్తూ పోతుంది కాబట్టి. మోస్కాతో దాస్తి చేసేవాళ్లు ఆ పొద్దుటి ఘడియ దగ్గరే పులియడాన్ని ఆపేస్తారు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఎప్పటి సీసా కొనాలి, ఎంత చల్లగా తాగాలి, పక్కన ఏం పెట్టుకోవాలి అన్నవన్నీ దాని వెంటే వస్తాయి.

ఎలా ఆపుతారో నేను దగ్గరుండి చూశాను. మా ఇంటి ఓనరమ్మ పుట్టిల్లు సాంతో స్తెఫానో బెల్బో. టూరిన్ నుంచి కారులో గంటకు పైనే పడుతుంది. చుట్టూ నిలువు కొండలు, కొండల నిండా మోస్కాతో బియాంకో అనే తెల్ల ద్రాక్ష. ఆగస్టు చివర్లో కోత మొదలవుతుంది. వాళ్ల బంధువుల సెల్లార్‌లో ఉక్కు ట్యాంకుల మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది, పైపుల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. లోపల ఉన్నది ఇంకా వైన్ కాదు, రసం. పులవకుండా దాన్ని సున్నా డిగ్రీల దగ్గర నిలవ ఉంచుతారు. కావాల్సినంత రసాన్ని ఒత్తిడికి తట్టుకునే మూసిన ట్యాంకులోకి మార్చి, కాస్త వెచ్చబరిచి, ఈస్ట్ వేస్తారు. గ్యాస్ బయటికి పోయే దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. ఆల్కహాల్ 5 శాతం దగ్గరికి రాగానే ట్యాంకును గబగబా చల్లబరుస్తారు. ఈస్ట్ నిద్రపోతుంది. అప్పుడు సన్నగా వడకట్టి సీసాల్లో నింపుతారు. తినకుండా మిగిలిన చక్కెరే మనకు తగిలే తీపి. అది ద్రాక్షదే, ఎవరూ పైనుంచి కలిపింది కాదు. రసం చలిలో నిలవ ఉంటుంది కాబట్టి ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా, తాజాగా చేసుకుంటూ పోతారు.

మూసిన ట్యాంకులో గ్యాస్ పట్టే ఈ పద్ధతికి 1895లో పేటెంట్ తీసుకున్నది ఫెదెరీకో మార్తినోత్తి, ఆస్తి పట్టణంలోని వైన్ పరిశోధన సంస్థకు డైరెక్టర్. తర్వాత ఫ్రాన్స్‌లో షార్మా దాన్ని మెరుగుపరచడంతో ప్రపంచమంతా షార్మా పేరే పలికింది. ఇక్కడివాళ్లు మాత్రం మార్తినోత్తి పేరు ముందు చెప్పందే ఊరుకోరు. అది న్యాయమే అనిపిస్తుంది నాకు.

కొనేటప్పుడు సీసా మీద ఏం చూడాలి

అన్నిటికంటే ముందు సంవత్సరం చూడండి. పోయిన కోతది అయితే మేలు, అంతకు ముందుదైనా పరవాలేదు. అంతకన్నా పాతదైతే పెట్టేయండి. ఈ పాఠం నేను కష్టపడి నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో మంచి సీసా ఒకటి కొని, ఏదైనా పెద్ద సందర్భం వస్తే తెరుద్దామని అలమరలో దాచుకున్నాను. నాలుగేళ్ల తర్వాత తెరిచాను. గడ్డి రంగులో ఉండాల్సింది ముదురు పసుపుకు తిరిగింది. మల్లె, పీచ్ పండు వాసనకు బదులు పాత తేనె వాసన. బుడగ పేరుకు మాత్రం ఉంది. చాలా బాధ వేసింది. దాచిన కల్లు తాగినట్టే అది. సందర్భం కోసం సీసాను ఆపకండి. సీసా ఉంది కదా, ఆదివారం మధ్యాహ్నమే సందర్భం.

తర్వాత పేరు. 'మోస్కాతో దాస్తి' అని పూర్తిగా ఉండాలి. దాస్తి అంటే 'ఆస్తిది' అని. ఆస్తి అంటే ఊరు, పలకడంలో అచ్చం మన ఆస్తిపాస్తుల్లోని ఆస్తే. ఆల్కహాల్ 4.5 నుంచి 6.5 శాతం మధ్య, అంటే బీరంత. బుడగ మెత్తగా ఉంటుంది. ఉత్తి 'మోస్కాతో' అని మాత్రమే రాసి ఉన్నది ఎక్కడిదైనా కావచ్చు. 'ఆస్తి' లేదా 'ఆస్తి స్పుమాంతే' అన్నది అదే ద్రాక్షతో చేసిన చెల్లెలు, గ్యాస్ ఎక్కువ, ఆల్కహాల్ కాస్త ఎక్కువ. దాని మీద 'దోల్చే', అంటే తీపి, అని ఉందో లేదో చూడండి, ఎందుకంటే 2017 నుంచి 'ఆస్తి సెక్కో' పేరుతో తీపి లేనిది కూడా వస్తోంది. మూత దగ్గర నంబరుతో అతికించిన ప్రభుత్వ కాగితపు పట్టీ ఉంటే అది డి.ఓ.సి.జి. వైన్. ఇటలీలో వైన్‌కి అదే పై మెట్టు.

ఇంకో మాట. షాపు కిటికీలో, ఎండలో నిలబెట్టిన సీసా తీసుకోవద్దు. వెలుతురు, వేడి రెండూ ఈ వైన్ సువాసనను చంపేస్తాయి. హైదరాబాద్‌లో కొనేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఏసీ ఉన్న షాపులో, లోపలి అరలో ఉన్నదే అడగండి.

ఇటలీదే ఇంకో బుడగల వైన్ ప్రొసెక్కో. అది కొనేటప్పుడు చాలామంది 'ఎక్స్‌ట్రా డ్రై' అన్న మాట చూసి తీపి అస్సలు ఉండదనుకుంటారు. నిజానికి అందులో లీటరుకు 12 నుంచి 17 గ్రాముల చక్కెర ఉంటుంది. 'డ్రై' అని రాసి ఉంటే ఇంకా తియ్యన, 17 నుంచి 32 గ్రాములు. 'బ్రూట్' అన్నదే వీటికంటే తీపి తక్కువది. కొంచెం తీపి చాలు, మోస్కాతో అంత వద్దు అనుకునేవాళ్లకు వాల్‌దొబ్బియాదెనె వైపు నుంచి వచ్చే 'డ్రై' ప్రొసెక్కో బాగా నచ్చుతుంది.

చల్లదనం, బిరడా, గ్లాసు

6 నుంచి 8 డిగ్రీలు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు నిలబెడితే సరిపోతుంది. తొందరైతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడ దాకా ముంచండి, ఇరవై నిమిషాల్లో అవుతుంది. కుల్ఫీవాళ్లు ఐసులో ఉప్పు ఎందుకు వేస్తారో ఇక్కడా అందుకే. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. ఆల్కహాల్ తక్కువ కాబట్టి త్వరగా గడ్డ కడుతుంది, మర్చిపోతే సీసా పగలవచ్చు. గది వేడిలో తాగితే మిగిలేది తీపి ఒక్కటే. చల్లగా ఉంటే తీపి వెనక్కి తగ్గి పులుపు, బుడగ ముందుకొస్తాయి. 'మోస్కాతో మరీ జ్యూస్‌లా ఉంటుంది' అన్నవాళ్లలో చాలామంది దాన్ని వెచ్చగా తాగినవాళ్లే.

మోస్కాతో దాస్తికి ఎక్కువగా మామూలు బిరడా ఉంటుంది, కార్క్ స్క్రూతో తీయాలి. లోపల గ్యాస్ ఉంది కాబట్టి చివరి అర అంగుళం నెమ్మదిగా లాగండి. స్పుమాంతేకి పుట్టగొడుగు ఆకారపు బిరడా, దాని మీద తీగ. తీగ విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి బొటనవేలు బిరడా మీంచి తీయకూడదు. సీసాను కొంచెం వాల్చి, బిరడాను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో సీసా అడుగును తిప్పండి. 'ఠప్' మని పేలకూడదు, 'ఉస్స్' మని నిట్టూర్చాలి. పేల్చినవాళ్లు సగం నురగ నేల పాలు చేసుకుంటారు, ఎదుటివాళ్ల కంటికి తగిలే ప్రమాదమూ ఉంది.

ఇక్కడి పెద్దవాళ్లు వెడల్పు మూతి ఉన్న పాతకాలపు కోప్పా గ్లాసుల్లో తాగుతారు. చూడ్డానికి అందమే కానీ వాసన చెదిరిపోతుంది. మామూలు వైట్ వైన్ గ్లాసు, నడుము వెడల్పుగా, మూతి కాస్త దగ్గరగా ఉన్నది తీసుకోండి. గ్లాసులో సబ్బు మరక మిగలకుండా వేడినీళ్లతో కడగాలి, సబ్బు మిగిలితే నురగ నిలవదు. మూడో వంతుకు మించి నింపొద్దు. వేడెక్కేలోపు తాగి, మళ్లీ పోసుకోవచ్చు.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక సంగతి చెప్పి తీరాలి. ఇందులో లీటరుకు వంద గ్రాములు దాటి చక్కెర ఉంటుంది, 125 మి.లీ. గ్లాసులో మూడు చెంచాల పైమాటే. మా బాపుకు షుగర్ ఉంది కాబట్టి ఆయనకు పోసింది నాలుగు గుక్కలే. ఆల్కహాల్ తక్కువ కదా అని తాగి బండి నడపడం కూడా కుదరదు. ఇటలీలో లైసెన్సు వచ్చిన మొదటి మూడేళ్లు పరిమితి సున్నా.

పక్కన ఏం పెట్టుకోవాలి

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. టూరిన్, ఆస్తి ఉన్న పిఎమోంతె ప్రాంతంలో దీని జోడీ హేజెల్‌నట్ కేకు. అక్కడి కొండల్లో ద్రాక్ష లేని చోట హేజెల్‌నట్ తోటలే ఉంటాయి. క్రిస్మస్‌కు పానెత్తోనె అనే పండగ కేకు. మా ఓనరమ్మ చిన్నప్పుడు కోతల రోజుల్లో పొద్దున్నే రొట్టె, సలామీ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన మాంసం)తో కూడా తాగేవారట. ఉప్పు, కొవ్వు ఒక వైపు, తీపి, బుడగ ఒక వైపు. తిని చూశాను, నిజంగా బాగుంటుంది.

తీపి వంటతో తాగేటప్పుడు సూత్రం ఒకటే: వంటకం కన్నా వైన్ తియ్యగా ఉండాలి. గులాబ్ జామున్, బొబ్బట్లు, పూతరేకులతో తాగితే వైన్ ఉత్తి పుల్ల నీళ్లలా అనిపిస్తుంది. అన్నీ ప్రయత్నించాను, ఒక్కటీ కుదరలేదు. కుదిరింది మాత్రం నేను అనుకోనిది: సర్వపిండి. పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు, అడుగున మాడీ మాడని కరకర. పల్లీ ఇక్కడి హేజెల్‌నట్ పని చేస్తుంది, తీపి మిర్చి మంటను ఆర్పుతుంది. ఆల్కహాల్ ఎక్కువున్న రెడ్ వైన్ కారాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, ఇది చల్లారుస్తుంది. సంక్రాంతికి సకినాలతో కూడా అంతే. ఇంకో చిన్న రహస్యం ధనియాలు. ధనియాల వాసనకు మూలమైన లినలూల్ అనే పదార్థమే మోస్కాతో ద్రాక్షలోనూ ఉంటుంది. అందుకే ధనియాల పొడి దండిగా వేసిన వేపుళ్ల పక్కన ఇది కొత్త చుట్టంలా ఉండదు.

మాంసానికైతే లాంబ్రుస్కో. మోదెనా, రెజ్జో ఎమీలియా వైపు ఎర్ర నురగ వైన్. 'సెక్కో' అంటే తీపి లేనిది, 'అమాబిలె' కొంచెం తియ్యన, 'దోల్చే' బాగా తియ్యన. కొంచెం తీపి కావాలంటే గ్రాస్పరోస్సా ద్రాక్షతో చేసిన అమాబిలె అడగండి. ముదురు రంగు, నేరేడు పండులా కాస్త వగరు. అక్కడివాళ్లు దాన్ని మోర్తదెల్లా అనే పంది మాంసం సాసేజ్‌తో, పాత పార్మిజాన్ చీజ్ ముక్కలతో తాగుతారు. నేను మటన్ ఫ్రై పక్కన పెడతాను. కొవ్వును బుడగ కడిగేస్తుంది. 12 డిగ్రీల చల్లదనం చాలు.

బ్రాకెత్తో దాక్వి గురించి రెండు మాటలే. ఆక్వి తెర్మె ఊరి ఎర్రటి తీపి వైన్, గులాబీ, స్ట్రాబెర్రీ వాసన. చాక్లెట్ పక్కన పెట్టి చూడండి, మోస్కాతోకి చాక్లెట్ అంతగా సరిపడదు.

తెరిచిన సీసాకు గ్యాస్ పట్టి ఉంచే క్లిప్పు మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు బాగుంటుంది. ఇద్దరే ఉంటే 375 మి.లీ. సీసా కొనడం తెలివైన పని. బుడగ పోయినా పారబోయవద్దు. మా ఓనరమ్మ వేసవిలో చేసేది ఇది: పండిన పీచ్ పండ్లు నాలుగు తొక్క తీసి, వేలంత ముక్కలు కోసి, గాజు గిన్నెలో వేసి, మునిగేదాకా మోస్కాతో పోస్తుంది. చక్కెర వెయ్యదు. మూత పెట్టి ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచుతుంది. ముక్కలు తిన్నాక గిన్నె అడుగున మిగిలిన రసం ఇంట్లో పెద్దవాళ్లది. అది అక్కడి ఆచారం. మొన్న జులైలో మొదటిసారి ఆ గిన్నె నా వైపు జరిపింది.